మొటిమల మందులు: అనుమతి వచ్చాక మొదలయ్యే పరీక్ష

మొటిమలు ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కాదు. ఈ చిన్న వాస్తవమే వాటి మందుల భద్రత లెక్కలన్నింటినీ మార్చేస్తుంది. క్యాన్సర్ మందు వల్ల జుట్టు ఊడినా, రక్తకణాలు తగ్గినా రోగి, వైద్యుడు ఇద్దరూ సర్దుకుపోతారు, ఎందుకంటే అవతల ఉన్నది అంతకన్నా పెద్ద గండం. మొటిమల మందు వాడేవారు సాధారణంగా పదిహేనేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్యవారు. మిగతా అన్ని విధాలా ఆరోగ్యంగా ఉన్నవారు. వాళ్లకిచ్చే మందు వల్ల పదివేల మందిలో ఒక్కరికి కాలేయం దెబ్బతిన్నా అది చిన్న విషయం అనిపించుకోదు. పైగా వాడేవాళ్లు లక్షల్లో ఉంటారు కాబట్టి పదివేలకు ఒకటి అన్నది ఆచరణలో ఎందరో మనుషులవుతుంది.

అలాంటి అరుదైన హాని అనుమతికి ముందు జరిగే క్లినికల్ ట్రయల్స్‌లో బయటపడటం కష్టం. గణాంకవేత్తలు వాడే ఒక మోటు లెక్క ఉంది. వెయ్యి మందిలో ఒకరికి వచ్చే దుష్ప్రభావం కనీసం ఒక్కసారైనా కంటపడాలంటే, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, దాదాపు 3,000 మందికి మందు ఇచ్చి చూడాలి. పదివేల మందిలో ఒకరికి వచ్చేదైతే 30,000 మంది కావాలి. చర్మంపై పూసే మొటిమల మందుల ట్రయల్స్ ఎక్కువగా 12 వారాలతో ముగుస్తాయి. బయట మాత్రం అదే ట్యూబును నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి వాడతారు. ట్రయల్స్‌లోకి గర్భిణులను తీసుకోరు. వేరే జబ్బులున్నవారిని, వేరే మందులు వాడుతున్నవారిని చాలావరకు పక్కన పెడతారు. అనుమతి పత్రం మీద సంతకం పడే సమయానికి ఆ మందు గురించి తెలిసింది ఇంతే. మిగిలింది మార్కెట్లోకి వచ్చాక తెలుసుకోవాలి. ఈ పనినే ఫార్మకోవిజిలెన్స్ అంటున్నారు.

ఈ వ్యవస్థకు మూలం థాలిడోమైడ్ విషాదం. గర్భిణులకు వేవిళ్లు తగ్గడానికి ఇచ్చిన ఆ మందు వేలాది శిశువుల అవయవాలను హరించిందని 1961లో బయటపడింది. బ్రిటన్ 1964లో ఎల్లో కార్డ్ పథకం పెట్టింది. అనుమానం వస్తే చాలు, వైద్యులు ఒక పసుపు కార్డు నింపి పంపేవారు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ కార్యక్రమం మొదలైంది, 1978 నుంచి దాని నిర్వహణ స్వీడన్‌లోని ఉప్సలా నుంచి సాగుతోంది. అంటే మొటిమల మందుల్లో అతి వివాదాస్పదమైన ఐసోట్రెటినోయిన్ వచ్చే నాటికి నిఘా వ్యవస్థ సిద్ధంగానే ఉంది. అయినా ఏం జరిగిందో చూస్తే, నిఘా అంటే ఫిర్యాదుల పెట్టె ఒక్కటే కాదని అర్థమవుతుంది.

తెలిసి తెలిసీ జరిగిన హాని

1979లో ఒక వైద్య పరిశోధన వెలువడింది. ముదిరిన, గడ్డలు కట్టిన మొటిమలున్న 14 మందికి ఐసోట్రెటినోయిన్ మాత్రలిస్తే 13 మందికి పూర్తిగా నయమైంది. మందు ఆపేశాక కూడా తిరిగి రాలేదు. ముఖంపై మచ్చలతో జీవితాంతం బతకాల్సిన వాళ్లకు అది నిజంగా గొప్ప ఊరట. 1982లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. విటమిన్ ఎ కుటుంబానికి చెందిన ఈ పదార్థం గర్భస్థ శిశువుకు ప్రమాదమని జంతు పరీక్షల్లో అప్పటికే తెలుసు. గర్భిణులు వాడకూడదని మొదటి రోజు నుంచే లేబుల్ మీద ఉంది.

ఏడాది తిరిగేసరికి వైకల్యాలతో పుట్టిన పిల్లల గురించి నివేదికలు రావడం మొదలైంది. 1985లో ప్రచురితమైన అధ్యయనం గర్భంతో ఉండగా ఈ మందు వాడిన 154 మంది వివరాలు సేకరించింది. 95 మంది గర్భస్రావం చేయించుకున్నారు. 12 మందికి గర్భం దానంతటదే పోయింది. 26 మందికి పెద్ద లోపాలు లేని పిల్లలు పుట్టారు. 21 మంది పిల్లలు తీవ్రమైన వైకల్యాలతో పుట్టారు. చెవులు సరిగా ఏర్పడకపోవడం లేదా అసలే లేకపోవడం, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాల్లో లోపాలు, మెదడు ఎదుగుదలలో తేడాలు. ఇవన్నీ ఒకే నమూనాలో ఉండటంతో కాకతాళీయం అనడానికి వీల్లేకుండా పోయింది.

ఇక్కడ గమనించాల్సింది, నిఘా కొత్త ప్రమాదాన్నేమీ కనిపెట్టలేదు. తెలిసిన ప్రమాదాన్ని ఒక లేబుల్ వాక్యం ఆపలేదని మాత్రం చూపించింది. తీవ్రమైన మొటిమలకు ఉద్దేశించిన మందును మామూలు మొటిమలకూ రాశారు. వాడినవారిలో పెద్ద భాగం పిల్లల్ని కనే వయసు స్త్రీలు. అనుకోకుండా గర్భం రావడం ఏ సమాజంలోనైనా సాధారణమే. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ముందే ఊహించాల్సింది ఎవరు అన్న ప్రశ్నకు, నా ఉద్దేశంలో, జవాబు వైద్యుడి దగ్గర ఆగదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు అడ్డుకట్టల చరిత్ర. 1988లో గర్భ నివారణ కార్యక్రమం వచ్చింది. మాత్రల అట్ట మీద గర్భిణి బొమ్మ గీసి దానికి అడ్డంగా గీత కొట్టారు. గర్భంతో ఉన్నవారు వాడొద్దు అన్నది దాని భావం. కానీ ఆ బొమ్మను చూపించి అడిగినప్పుడు కొందరు ఇది గర్భం రాకుండా చేసే మాత్ర అనుకున్నారు! చదువు, భాష అడ్డు రాకూడదని వేసిన బొమ్మ సరిగ్గా తలకిందులైన అర్థం ఇచ్చింది. 2002లో పసుపు స్టిక్కర్ పద్ధతి పెట్టారు. గర్భ పరీక్ష చేయించానని హామీగా వైద్యుడు ప్రిస్క్రిప్షన్ మీద స్టిక్కర్ అంటించాలి, అది ఉంటేనే ఫార్మసీ మందు ఇవ్వాలి. స్టిక్కర్ అంటించినంత మాత్రాన పరీక్ష జరిగినట్టు కాదని తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2006లో ఐప్లెడ్జ్ అనే నమోదు పథకం వచ్చింది. తయారీదారు, టోకు వ్యాపారి, వైద్యుడు, ఫార్మసీ, రోగి అందరూ ఒకే కంప్యూటర్ జాబితాలో నమోదు కావాలి. గర్భం వచ్చే అవకాశం ఉన్నవారు రెండు రకాల గర్భనిరోధక పద్ధతులు పాటించాలి. ప్రతి నెలా పరీక్ష చేయించుకోవాలి. ఫలితం వచ్చాక నిర్ణీత రోజుల్లోగా మందు తీసుకోకపోతే మళ్లీ మొదటికి.

ఇంత కట్టుదిట్టం చేస్తే ఎంత తగ్గింది? కాలిఫోర్నియాలోని ఒక పెద్ద ఆరోగ్య బీమా సంస్థ రికార్డులను పరిశీలించి 2011లో వెలువరించిన లెక్క ప్రకారం, పసుపు స్టిక్కర్ కాలంలో ప్రతి వెయ్యి చికిత్సా కోర్సులకు 3.11 గర్భాలు మందు బారిన పడితే, ఐప్లెడ్జ్ కాలంలో 2.67. ఆ తేడా గణాంకపరంగా లెక్కలోకి వచ్చేంతది కాదు. 2019లో వచ్చిన మరో విశ్లేషణ ఎఫ్‌డీఏకు 1997 నుంచి 2017 వరకు అందిన 6,740 గర్భాల నివేదికలను పరిశీలించింది. అన్నిటికన్నా ఎక్కువ, 768, ఏ ఏడాదివి? ఐప్లెడ్జ్ మొదలైన 2006వి. ఇది చూసి పథకం వచ్చి ప్రమాదం పెంచిందనుకుంటే పొరపాటు. నమోదు తప్పనిసరి చేశాక అంతకుముందు ఎవరూ చెప్పని గర్భాలు కూడా లెక్కలోకి వచ్చి ఉంటాయి. 2010 తర్వాత ఆ సంఖ్య ఏడాదికి 218, 310 మధ్య నిలిచింది. తగ్గింది, కానీ సున్నాకు రాలేదు.

రక్షణ వ్యవస్థకు కూడా దుష్ప్రభావాలుంటాయి. 2021 డిసెంబర్‌లో ఐప్లెడ్జ్ వెబ్‌సైట్‌ను కొత్త వేదికకు మార్చినప్పుడు అది కుప్పకూలింది. రోగులు, వైద్యులు, ఫార్మసిస్టులు ఎవరూ లోపలికి వెళ్లలేక చికిత్సలు మధ్యలో ఆగిపోయాయి. మొదటిసారి గడువు తప్పినవారు మళ్లీ ప్రయత్నించడానికి 19 రోజులు ఆగాలన్న నిబంధన ఉండేది. దానివల్ల భద్రత ఏమీ పెరగడం లేదని చర్మవ్యాధి నిపుణులు ఏళ్లుగా చెబుతూ వచ్చారు. దాన్ని తొలగించాలని, ఇంట్లో చేసుకునే గర్భ పరీక్షలను కూడా అనుమతించాలని ఎఫ్‌డీఏ 2023 చివర్లో తయారీదారులకు చెప్పింది. మందును మాత్రమే కాక, మందు చుట్టూ పెట్టిన నిబంధనలను కూడా ఇలా కొలిచి చూడాలన్న ఆలోచన రావడానికి చాలా కాలం పట్టింది.

జబ్బు చేసిందా, మందు చేసిందా

గర్భస్థ శిశువు విషయంలో ఆధారం స్పష్టం. మానసిక ఆరోగ్యం విషయంలో అంత సులువు కాదు. ఐసోట్రెటినోయిన్ వాడుతున్నవారిలో కుంగుబాటు, ఆత్మహత్యల గురించి 1998లో అమెరికా లేబుల్‌లో హెచ్చరిక చేరింది. 1982 నుంచి 2000 మే వరకు ఎఫ్‌డీఏకు అందినవాటిలో 37 ఆత్మహత్యలున్నాయి. కుంగుబాటుతోనో ఆత్మహత్య ఆలోచనలతోనో ఆత్మహత్యాయత్నంతోనో ఆసుపత్రిలో చేరినవారు మరో 110 మంది.

ఈ సంఖ్యల్ని ఎలా చదవాలి? 37 అన్నది ఎంతమందిలో? మందు లేకపోయినా ఆ వయసువారిలో ఎన్ని జరిగి ఉండేవి? ముఖం నిండా గడ్డలతో బయటకు రావడానికే జంకే యువతీయువకుల్లో కుంగుబాటు ముందే ఎక్కువ. ఆ గడ్డలున్నవారికే ఈ మందు ఇస్తారు. కాబట్టి మందు వాడేవారిని వాడనివారితో పోల్చితే, మందు వల్ల కాకపోయినా తేడా కనబడుతుంది. దీన్ని పరిశోధకులు చికిత్సా కారణం వల్ల వచ్చే పక్షపాతం అంటారు. మొటిమల మందుల నిఘాలో దీన్ని మించిన తలనొప్పి లేదు.

స్వీడన్ పరిశోధకులు దీనికో దారి వెతికారు. 1980లలో ఈ మందు వాడిన 5,756 మందిని, చికిత్సకు ముందు, చికిత్స సమయంలో, తర్వాత అని మూడు భాగాలుగా చూశారు. అదే బృందంలో ప్రమాదం కాలంతో ఎలా మారిందో చూడటం అన్నమాట. 2010లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆత్మహత్యాయత్నాల రేటు మందు మొదలుపెట్టకముందే పెరుగుతూ వచ్చింది. అత్యధికం చికిత్స ముగిశాక ఆరు నెలల్లోపు. మందు కొంత అదనపు ప్రమాదం కలిగించిందేమోనన్న అనుమానాన్ని మాత్రం వాళ్లు పూర్తిగా కొట్టిపారేయలేదు. 2023లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో, మొత్తం జనాభా స్థాయిలో ఆత్మహత్య ప్రమాదం పెరిగిన దాఖలా కనబడలేదు.

మరైతే విషయం ముగిసినట్టేనా? సగటు ఎప్పుడూ అందరి సంగతీ చెప్పదు. మందు ఆపగానే మనసు తేలికపడి, మళ్లీ మొదలుపెట్టగానే కుంగుబాటు తిరిగొచ్చిన కేసులు కొన్ని నమోదయ్యాయి. వేల మందికి మొటిమలు పోయి మనసు కుదుటపడితే, కొద్దిమందికి జరిగిన హాని ఆ సగటులో కనబడకుండా పోవచ్చు. బ్రిటన్ నియంత్రణ సంస్థ ఈ సందిగ్ధం తేలేదాకా ఆగలేదు. 2023 అక్టోబర్ చివర నుంచి 18 ఏళ్లలోపు వారికి ఈ మందు మొదలుపెట్టాలంటే ఇద్దరు నిపుణులు ఒప్పుకోవాలని, మానసిక, లైంగిక ఆరోగ్యం గురించి ముందే అడిగి తెలుసుకోవాలని నిబంధన పెట్టింది. రుజువు కాని ప్రమాదానికి ఇంత జాగ్రత్త అతిగా ఉందనేవారున్నారు. చికిత్స ఆలస్యమైతే మచ్చలు మిగులుతాయన్న వాళ్ల వాదనలో బలం ఉంది. అయినా అడిగి తెలుసుకోవడం వల్ల పోయేది తక్కువ.

లాయర్లు నింపిన కార్డులు

ఫిర్యాదుల సంఖ్య ఎంత మోసగించగలదో చెప్పడానికి పేగుపూతల ఉదంతాన్ని మించింది లేదు. ఐసోట్రెటినోయిన్ వల్ల క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కోలైటిస్ లాంటి పేగు వాపు జబ్బులు వస్తున్నాయని అమెరికాలో వేల దావాలు పడ్డాయి. 2003 నుంచి 2011 వరకు ఎఫ్‌డీఏ డేటాబేస్‌లో చేరిన ఇలాంటి 2,214 నివేదికలను పరిశోధకులు ఒక్కొక్కటిగా ఎవరు పంపారో చూశారు. వాటిలో 1,944, అంటే దాదాపు 88 శాతం, న్యాయవాదులు పంపినవి. వైద్యులు పంపినవి 132 మాత్రమే. మిగతా మందులన్నిటి విషయంలో న్యాయవాదుల వాటా నాలుగు శాతం లోపే.

ఆ డేటాబేస్‌లో దుష్ప్రభావాల సంకేతాలను వెతికే కంప్యూటర్ పద్ధతి ఒక సాదా సూత్రం మీద నడుస్తుంది. ఒక మందుకు వచ్చిన మొత్తం నివేదికల్లో ఫలానా జబ్బు వాటా, మిగతా మందుల నివేదికల్లో అదే జబ్బు వాటా కన్నా ఎంత ఎక్కువ ఉందో చూస్తారు. బాగా ఎక్కువైతే గంట మోగుతుంది. ఆ గంటను వైద్యుడు మోగించినా, నష్టపరిహారం కోసం కక్షిదారుల జాబితా పట్టుకున్న న్యాయవాది మోగించినా శబ్దం ఒక్కటే. పైగా ఈ పేగు జబ్బులు సహజంగానే మొదలయ్యే వయసు కూడా మొటిమల వయసే. తర్వాతి పెద్ద అధ్యయనాలను కలిపి చూసినప్పుడు మందుకూ పేగు జబ్బుకూ బలమైన సంబంధం దొరకలేదు. 2018లో న్యూజెర్సీ సుప్రీం కోర్టు బాధితుల తరఫు నిపుణుల సాక్ష్యాన్ని శాస్త్రీయ పద్ధతికి నిలవదని పక్కనపెట్టడంతో రెండు వేలకు పైగా దావాలు వీగిపోయాయి. అప్పటికే, 2009లో, అసలు తయారీ సంస్థ రోష్ అమెరికాలో తన బ్రాండు అమ్మకం ఆపేసింది. చవకైన జెనరిక్‌ల పోటీ, దావాల ఖర్చు అందుకు కారణాలుగా చెప్పింది.

మొటిమల పేరుతో మరో పని

ఫ్రాన్స్‌లో డయాన్-35 అనే మాత్ర కథ ఇంకోలా నడిచింది. సైప్రోటెరోన్, ఎథినైల్ ఎస్ట్రడయాల్ అనే రెండు హార్మోన్ల కలయిక అది. అనుమతి ఉన్నది మొటిమలకు. అండం విడుదల కాకుండా ఆపే గుణం కూడా దానికి ఉంది కాబట్టి, లక్షల మంది స్త్రీలకు దాన్ని గర్భనిరోధక మాత్రగానే రాశారు. 2013 జనవరిలో ఫ్రెంచ్ మందుల సంస్థ పాతికేళ్ల లెక్కలు బయటపెట్టింది. సిరల్లో రక్తం గడ్డకట్టడం వల్ల జరిగిన నాలుగు మరణాలకు ఈ మాత్రతో సంబంధం ఉందని తేల్చి, అమ్మకాలు నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది.

ఐరోపా స్థాయి సమీక్ష వేరే ముగింపుకొచ్చింది. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్న మాట నిజమే, అది చాలాకాలంగా తెలిసినదే. పూతమందులకూ యాంటీబయాటిక్‌లకూ లొంగని, హార్మోన్ల ప్రభావంతో వచ్చే మొటిమలకైతే లాభమే ఎక్కువ అంది. దీన్ని వాడేటప్పుడు ఇంకో హార్మోన్ గర్భనిరోధకం కలపొద్దని షరతు పెట్టింది. ఆ నిర్ణయం ఫ్రాన్స్‌నూ కట్టడి చేసింది కాబట్టి 2014 ఆరంభంలో మాత్ర తిరిగి అమ్మకానికి వచ్చింది. ఒకే సమాచారంతో రెండు సంస్థలు రెండు తీర్పులివ్వడం చూసి ఎవరో ఒకరు అబద్ధమాడారనుకోనక్కర్లేదు. ఒకరు మందు బయట నిజంగా ఎలా వాడుతున్నారో చూశారు, మరొకరు ఎలా వాడాలో చూశారు. మొదటి చూపే నిఘాకు దగ్గరగా ఉందనిపిస్తుంది.

ఒక నివేదికలో ఏముండాలి

ఇదంతా మొదలయ్యేది ఒక చిన్న ఫారంతో. అంతర్జాతీయంగా చెల్లాలంటే అందులో నాలుగు అంశాలుంటే చాలు: గుర్తించదగ్గ ఒక రోగి, పంపినవారు, అనుమానిత మందు, జరిగిన హాని. ఈ నాలుగే ఉన్న నివేదిక చెల్లుతుంది, కానీ దాదాపు దేనికీ పనికిరాదు. మినోసైక్లిన్ సంగతి చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఈ యాంటీబయాటిక్‌ను 1970ల నుంచి మొటిమలకు వాడుతున్నారు. ఇది లూపస్‌ను (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే తిరగబడే జబ్బు) పోలిన స్థితిని, కాలేయ వాపును తెస్తుందన్న సంగతి 1990లలో గానీ గట్టిపడలేదు. కారణం, అది మొదటి వారంలో రాదు. నెలలు, తరచుగా ఏడాది దాటాక వస్తుంది. కీళ్లనొప్పులతో వచ్చిన యువతిని కీళ్ల వైద్యుడు చూస్తాడు, మాత్రలు రాసింది చర్మవైద్యుడు. ఈ రెండింటినీ ఎవరూ కలిపి చూడరు.

అలాంటి ఒక యువతి నివేదికను ఊహించండి. "మినోసైక్లిన్, కీళ్లనొప్పి" అని రాస్తే అది గుట్టలో కలిసిపోతుంది. ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని నెలలు వాడింది, నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏయే రక్తపరీక్షలు తేడాగా వచ్చాయి, మందు ఆపాక ఎన్ని వారాలకు తగ్గింది అని రాస్తే చదివేవారికి ఒక క్రమం దొరుకుతుంది. తెలియక మళ్లీ మొదలుపెట్టినప్పుడు నొప్పి తిరిగొచ్చి ఉంటే ఆ ఒక్క వాక్యం వంద అరకొర నివేదికలకు సమానం. ఇలాంటి నివేదికలను కారణ సంబంధం నిశ్చితం, సంభావ్యం, అవకాశం ఉంది, సంబంధం లేనట్టుంది అని వర్గీకరిస్తారు. చాలా నివేదికలు మధ్యలోనే చిక్కుకుపోతాయి, మందు ఆపాక ఏమైందో ఎవరూ రాయరు కాబట్టి.

చీటీ అక్కర్లేని ట్యూబులు

వైద్యుడి ప్రమేయం లేకుండా కొనుక్కునే పూతమందుల విషయంలో నిఘా మరీ పలుచన. బెంజాయిల్ పెరాక్సైడ్, శాలిసిలిక్ యాసిడ్ ఉన్న క్రీములు, ఫేస్‌వాష్‌లు వాడాక ముఖం వాచి, గొంతు బిగుసుకుని, ఊపిరి ఆడని పరిస్థితి రావచ్చని ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. ఆ హెచ్చరికకు ఆధారం 1969 నుంచి 2013 జనవరి వరకు అందిన 131 కేసులు. వాటిలో 44 శాతం మంది ఆసుపత్రిలో చేరాల్సివచ్చింది. మరణాలు లేవు. నలభై ఏళ్లకు పైగా, కోట్ల ట్యూబులకు 131 అంటే అరుదే. కానీ ముఖం మండితే ట్యూబు పారేసేవాళ్లే తప్ప ఫారం నింపేవాళ్లెవరు? అసలు సంఖ్య ఎంతో ఆ 131 చెప్పలేదు. కొత్తగా వాడేవారు మూడు రోజులపాటు ఒకటి రెండు చోట్ల కొద్దిగా రాసి చూడాలన్నది ఎఫ్‌డీఏ సలహా.

అదే బెంజాయిల్ పెరాక్సైడ్ 2024 మార్చిలో మరో కారణంతో వార్తల్లోకెక్కింది. వాలిష్యూర్ అనే స్వతంత్ర ప్రయోగశాల ఈ పదార్థమున్న ఉత్పత్తుల్ని వేడిలో ఉంచి పరీక్షించి, క్యాన్సర్ కారకమైన బెంజీన్ పుడుతోందని ఎఫ్‌డీఏకు పిటిషన్ పెట్టింది. ఈసారి ఫిర్యాదు చేసింది రోగి కాదు, వైద్యుడూ కాదు. అసలు రోగిలో ఏ లక్షణమూ లేదు. బెంజీన్ వల్ల క్యాన్సర్ వస్తే ఏళ్ల తర్వాత వస్తుంది, అప్పుడు టీనేజీలో పూసుకున్న క్రీమును ఎవరూ గుర్తు చేసుకోరు. ఏ ఎల్లో కార్డూ దీన్ని పట్టుకోలేదు. మందును విప్పి చూసే రసాయన పరీక్షే దిక్కు.

ఎఫ్‌డీఏ తనంతట తాను 95 ఉత్పత్తులను పరీక్షించి 2025 మార్చిలో ఫలితాలు చెప్పింది. 90 శాతానికి పైగా ఉత్పత్తుల్లో బెంజీన్ అసలు లేదు, లేదా అత్యల్పం. కొద్ది ఉత్పత్తులను మాత్రం కంపెనీలు దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నాయి. వాటిని దశాబ్దాలపాటు రోజూ వాడినా క్యాన్సర్ ప్రమాదం చాలా తక్కువని సంస్థ అంచనా. రెండు ప్రయోగశాలల ఫలితాల మధ్య ఇంత తేడా రావడానికి ఒక పెద్ద కారణం ఉష్ణోగ్రత. వాలిష్యూర్ కొన్ని నమూనాలను 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర రోజుల తరబడి ఉంచింది. అంత వేడి మామూలు వాడకంలో ఉండదన్నది దానిపై వచ్చిన విమర్శ. ఎండలో నిలిపిన కారులో మరిచిపోయిన ట్యూబు మాత్రం ఆ విమర్శ కిందికి రాదు. అందుకే ఇలాంటి ట్యూబులను వేడికి దూరంగా ఉంచడం, గడువు తీరిన వాటిని పారేయడం ఎవరికైనా క్షేమం.